జిగురు మోయలేని రెక్క

ప్రశ్న: రెండేళ్లుగా చిన్న చిన్న లోహపు బొమ్మలు అతికించి రంగులు వేస్తున్నాను. ఈ మధ్య ఒక డ్రాగన్ బొమ్మ పూర్తి చేశాను. దాని కుడి రెక్క ఇప్పటికి మూడుసార్లు ఊడింది. ప్రతిసారీ సూపర్ గ్లూ మరికాస్త ఎక్కువ పెట్టాను, ప్రతిసారీ మరికాస్త తొందరగా ఊడింది. లోపల తీగ ముక్క పెట్టి పిన్నింగ్ చేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ప్రయత్నిస్తే డ్రిల్ బిట్టు మొండెంలోనే విరిగిపోయింది. పక్కన ఇంకో రంధ్రం చేశాను. అది రెక్కలోని రంధ్రంతో కలవక, రెక్క దాదాపు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగి కూర్చుంటోంది. ఇప్పుడు రెక్క ఒక పెట్టెలో, మొండెం ఒక పెట్టెలో ఉన్నాయి. రంగులన్నీ వేసేశాను కాబట్టి పాడుచేసుకోలేను. ఈ పని నావల్ల అవుతుందా? అసలు ప్రతి అతుకుకూ పిన్ను పెట్టాలా? ఇంకా మొదలుపెట్టని రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ లాంటి పదార్థం) గుర్రపు రౌతు బొమ్మ ఒకటి ఉంది. ఆ గుర్రం రెండు సన్నని కాళ్ల మీదే నిలబడాలి. దానికీ ఇదే గతా?

జవాబు: అవుతుంది. మీ ఉత్తరం చదివాక నాకు కలిగిన మొదటి ఆలోచన, రెక్క ఇప్పటికే సగం బాగుపడిందని. రెండు రంధ్రాలు ఉన్నాయి. అవి ఒక మిల్లీమీటరు తేడాలో ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్న నాకు కూడా రెండు రంధ్రాలు మొదటిసారే కచ్చితంగా కలిసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవి కలవవని ముందే ఒప్పుకుని పని మొదలుపెట్టడమే ఇందులోని కిటుకు. దాని దగ్గరకు వస్తాను. ముందు రెక్క ఎందుకు ఊడుతోందో చూద్దాం, ఎందుకంటే మీరు జిగురును అనవసరంగా నిందిస్తున్నారు.

లోహపు బొమ్మల్లో ఎక్కువ పాలు తగరం, పాతవాటిలో సీసం. తగరం నీటికంటే ఏడు రెట్లకు పైగా బరువు, ప్లాస్టిక్ బొమ్మల్లో వాడే పాలీస్టైరీన్ ఇంచుమించు నీటంత బరువే. అదే రెక్క ప్లాస్టిక్‌ది అయితే మీరు నాకు ఉత్తరం రాసేవారే కాదు. మీ రెక్క బరువు 40 గ్రాములనీ, ఆ బరువంతా అతుకుకు 30 మి.మీ. దూరంలో ఉందనీ, అతుకు ఎత్తు 6 మి.మీ. అనీ అనుకుందాం. అతుకు కింది అంచు ఇరుసులా నిలుస్తుంది, పై అంచు తెరుచుకోవాలని చూస్తుంది. 40ని 30తో గుణించి 6తో భాగిస్తే 200. అంటే 40 గ్రాముల రెక్క, పై అంచు దగ్గరి జిగురును 200 గ్రాముల బరువులా లాగుతోంది. అదీ బొమ్మ అలమరలో కదలకుండా ఉన్నప్పటి మాట. 70 మి.మీ. దూరంలో ఉన్న రెక్క కొనకు మీ చొక్కా చెయ్యి తగిలితే, ఆ చిన్న తాకిడి అతుకు దగ్గరకు వచ్చేసరికి దాదాపు పన్నెండింతలవుతుంది.

సూపర్ గ్లూ తిన్నగా లాగే బలాన్ని బాగానే తట్టుకుంటుంది. ఒక అంచు నుంచి ఒలిచినట్టు తెరిచే బలానికీ, హఠాత్తుగా తగిలే దెబ్బకూ మాత్రం లొంగిపోతుంది. ఎండాక అది గాజులా పెళుసు. మీ రెక్క చేస్తున్నది సరిగ్గా ఆ ఒలిచే పనే. మోతాదు పెంచితే ఇంకా నష్టం. ఈ జిగురు గాలిలోనూ ముక్కల ఉపరితలాల మీదా ఉండే కొద్దిపాటి తేమ తగిలి గట్టిపడుతుంది కాబట్టి, పలుచటి పొరగా ఉన్నప్పుడే చక్కగా పనిచేస్తుంది. మందంగా పోస్తే పైన ఎండి లోపల మెత్తగా ఉండిపోతుంది. పైగా మీరు రెండోసారి, మూడోసారి పెట్టినది లోహం మీద కాదు, పాత జిగురు పెంకు మీద. ఆ పెంకు లోహాన్ని వదిలేస్తే పైన మీరు ఎంత పోసినా ఏం లాభం? మీరు చెప్పలేదు గానీ, అతుకు ముఖాల మీద ప్రైమరో (రంగుకు ముందు వేసే అడుగు పూత) రంగో ఉండే ఉంటుందని నా అనుమానం. అలాంటప్పుడు జిగురు రంగును పట్టుకుంటుంది, రంగు లోహాన్ని వదులుతుంది. ఊడిన రెక్క మొదలును ఒకసారి చూడండి. అక్కడ రంగు పొర లేచి వచ్చి ఉంటే దొంగ దొరికినట్టే.

పిన్ను చేసే పని జిగురు పని కాదు. రెండు ముక్కల్లోనూ నాలుగైదు మిల్లీమీటర్ల లోతుకు దిగిన తీగ, రెక్క కిందికి వంగబోతే రంధ్రం గోడలకు ఆనుకుని అడ్డుపడుతుంది. బరువు లోహం మోస్తుంది, జిగురు ఆ తీగ బయటికి జారకుండా చూస్తే చాలు. వడ్రంగి చెక్క శీల కొట్టేది కూడా ఇందుకే. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న వీనస్ డి మిలో అనే ప్రాచీన గ్రీకు విగ్రహాన్ని చూసేవారిలో చాలామందికి తెలియదు గానీ, అది ఒకే రాయి కాదు. నడుము దగ్గర కలిపిన రెండు పెద్ద పాలరాతి దిమ్మెలు. ఇప్పుడు లేని ఆ ఎడమ చెయ్యి కూడా విడిగా చెక్కి శీలతో బిగించినదే. మీకూ ఆ శిల్పికీ ఉన్నది ఒకటే చిక్కు.

ఇక సామగ్రి. పిన్ వైస్ అనే చేతి డ్రిల్లు మీ దగ్గర ఉందనుకుంటాను. మీ బిట్టు ఎందుకు విరిగిందో మూడు కారణాల్లో ఒకటి చెప్పగలను: పక్కకు వంచి నెట్టారు, లేదా లోహపు పొట్టు గాడుల్లో ఇరుక్కున్నా తిప్పుతూ పోయారు, లేదా బిట్టు పూర్తి పొడవునా బయటికి ఉంచి బిగించారు. మూడోది దాదాపు అందరూ చేసే తప్పు. 1 మి.మీ. బిట్టును వీలైనంత లోపలికి దూర్చి, ఆరేడు మిల్లీమీటర్లే బయటికి కనబడేలా బిగించండి. మనకు కావలసిన లోతే ఐదు మిల్లీమీటర్లు, మిగతా పొడవు విరగడానికే పనికొస్తుంది. కొనేటప్పుడు హై స్పీడ్ స్టీల్ బిట్లు అడగండి. టంగ్‌స్టన్ కార్బైడ్ బిట్లు ఇంకా గట్టివి, ఇంకా పదునైనవి, కానీ వంపును అసలు సహించవు. అవి చెయ్యి వణకని యంత్రాల కోసం చేసినవి. మోటారు డ్రిల్లు సంగతి అడగలేదు, అయినా చెబుతాను: వద్దు. లోహం మీద జారుతుంది, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, రెజిన్‌లో మీరు ఆపాలనుకునేలోపే అవతలికి వస్తుంది.

తీగ విషయంలో నాది కొంచెం చాదస్తం. చాలామంది పేపర్ క్లిప్పు తుంచి వాడతారు. సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది, గట్టిది, ఎప్పుడూ చేతికి దొరుకుతుంది. అది పనిచేయదని అనను. కానీ అది ఉక్కు. నేను ఇత్తడి కడ్డీ వాడతాను. తుప్పు పట్టదు, సులువుగా తెగుతుంది, కావాలంటే వంగుతుంది. ఏథెన్స్‌లోని ప్రాచీన ఆలయం పార్థెనాన్‌ను కట్టినవారు రాళ్లను కలిపే ఇనుప బందుల చుట్టూ సీసం పోసి కప్పారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసినవారు ఆ సీసం సంగతి వదిలేసి ఉత్త ఇనుము బిగించారు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి పాలరాతినే పగలగొట్టింది. తర్వాత వచ్చినవారు దాన్ని పీకి టైటానియం పెట్టాల్సి వచ్చింది. వార్నిష్ వేసి అలమరలో పెట్టే బొమ్మకు అంత భయం అక్కర్లేదన్నది నిజమే. అయినా నీళ్లు వాడే పునాది పలకల్లో, బొమ్మ పాదాల దగ్గర, క్లిప్పు ముక్క తుప్పు మరక పైకి రావడం నేను చూశాను. తీగ తుంచేటప్పుడు ఒక చేత్తో కొన పట్టుకోండి, లేకపోతే అది తూటాలా ఎగురుతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ప్లాస్టిక్ కోసే సన్నని కటింగ్ ప్లయరుతో తీగ తుంచారంటే దాని పదునుకు నీళ్లు వదులుకున్నట్టే.

ఇప్పుడు మీ డ్రాగన్. మొండెంలో విరిగిన బిట్టును తవ్వి తీయాలని చూడకండి. కొన బయటికి కనబడుతుంటే పటకారుతో పట్టి, డ్రిల్లు తిప్పిన దిశకు ఎదురుగా తిప్పుతూ లాగి చూడండి. రాకపోతే వదిలేయండి. అది బొమ్మ లోహం కంటే ఎన్నో రెట్లు గట్టిది, దాని మీద ఇంకో బిట్టు పెడితే రెండోదీ విరుగుతుంది. పైకి పొడుచుకు వచ్చిన భాగం ఉంటే అతుకు ముఖానికి సమంగా ఆకురాయితో రాయండి, కథ ముగిసింది. దాన్ని చుట్టూ తవ్వి తీయాలని మొదలుపెట్టి రెక్క కూర్చునే చోటునే గుంట చేసుకున్నవారిలో నేనూ ఒకణ్ని.

రంగులు పాడవకుండా మొండేన్ని మెత్తని గుడ్డలో చుట్టి, అతుకు ముఖం మాత్రం బయటికి ఉంచండి. వార్నిష్ ఇంకా వేయకపోతే ముందు ఒక పూత వేసి ఆరనివ్వండి, వేళ్ల రాపిడి నుంచి కాపాడుతుంది. తర్వాత రెండు ముఖాల మీద ఉన్న పాత జిగురు, రంగు, ప్రైమర్ అంతా కత్తి మొనతో గీకి మెరిసే లోహం కనబడే దాకా తీయండి. అసిటోన్ పాత సూపర్ గ్లూను కరిగిస్తుందని ఎవరైనా చెబితే, నిజమే, కానీ అది మీ రంగులను కూడా కరిగిస్తుంది. రెజిన్, ప్లాస్టిక్ బొమ్మల దరిదాపుల్లోకి కూడా దాన్ని రానివ్వకండి. గీకిన పొట్టును ఊదకుండా తడి గుడ్డతో తుడవండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. పాత బొమ్మ అయితే అందులో సీసం ఉండవచ్చు.

ఒక మిల్లీమీటరు తేడా సంగతికి వద్దాం. మీరు రెండు రంధ్రాలూ 1 మి.మీ. బిట్టుతోనే చేసి, వాటిలో 1 మి.మీ. తీగ బిగుతుగా దూర్చాలని చూశారు. అలా చేస్తే రంధ్రాలు చెప్పిందే శాసనం. రెక్క ఎక్కడ, ఏ కోణంలో కూర్చోవాలో అవే నిర్ణయిస్తాయి, మీ మాట చెల్లదు. నేను ఒక రంధ్రం బిగుతుగా, రెండోది వదులుగా చేస్తాను. తీగ రెక్కలో బిగుతుగా ఉంటుంది, మొండెంలోని వదులు రంధ్రంలో అటూ ఇటూ కదులుతుంది. రెక్కను కంటికి సరిగ్గా కనబడే చోట నిలిపి, ఆ వదులును ఎపాక్సీతో, అంటే రెండు గొట్టాల పదార్థాలను కలిపితే గట్టిపడే జిగురుతో, నింపుతాను. గట్టిపడ్డాక ఆ ఎపాక్సీయే రెండో బిగుతు రంధ్రం అవుతుంది, అదీ సరిగ్గా ఉండవలసిన చోట.

కాబట్టి మీ వంకర రంధ్రం వృథా కాదు. రెక్క ఏ వైపుకు జరిగి కూర్చుంటోందో చూడండి. మొండెంలోని రంధ్రాన్ని దానికి ఎదురు వైపుకు వెడల్పు చేయాలి. 1.2, 1.5, 2 మి.మీ. బిట్లతో క్రమంగా పెంచుతూ పోండి, ఒక్కసారిగా పెద్ద బిట్టు పెడితే అది పాత రంధ్రం అంచును కరుచుకుని ఆగిపోతుంది. చివర్లో కత్తి మొనతో కావలసిన వైపు గోడను గీకితే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. అందంగా ఉండనక్కర్లేదు, ఎవరికీ కనబడదు. విరిగిన బిట్టు ఆ వైపే అడ్డంగా ఉంటే మాత్రం దాంతో పోట్లాడకుండా, మొండెంలోని రంధ్రాన్ని వదిలి రెక్కలోని రంధ్రాన్ని వెడల్పు చేయండి. ఏది బిగుతు, ఏది వదులు అన్నది ముఖ్యం కాదు. ఒకటి వదులుగా ఉండాలి, అంతే. ఒక్క షరతు ఏమిటంటే రెక్క మొదలు ఆ వెడల్పుకు తగినంత మందంగా ఉండాలి. రంధ్రం ముక్క మందంలో మూడో వంతు మించకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. అందుకే సాధారణంగా మొండెంలోనే వదులు ఉంచుతాను.

తీగను రెక్కలోకి దూర్చే ముందు గరుకు కాగితంతో రుద్దండి, నున్నటి ఇత్తడిని ఏ జిగురూ ఇష్టంగా పట్టుకోదు. మొండెంలోకి వెళ్లే కొనను పటకారుతో నొక్కి కొంచెం బల్లపరుపు చేయండి. గుండ్రటి తీగ ఒక్కటే ఉంటే రెక్క దాని చుట్టూ గడియారం ముల్లులా తిరగగలదు. బల్లపరుపు కొన ఎపాక్సీలో కూరుకుపోయాక తిరగలేదు. ఇలాంటి చోట రెండు పిన్నులు పెట్టాలని కొందరు పట్టుబడతారు. వెడల్పాటి అతుకు అయితే మంచిదే. ఆరు మిల్లీమీటర్ల అతుకులో రెండు పిన్నులంటే నాలుగు రంధ్రాలు, ఒకటి ఇప్పటికే బిట్టుకు సమాధి అయింది. మీకు ఒకటి చాలు.

తీగ రెక్కలోకి వెళ్లే చోట సూపర్ గ్లూ ఒక చుక్క వేసి, ఆరనిచ్చాక జిగురు లేకుండా రెక్కను మొండేనికి ఆనించి చూడండి. ఒకసారి కాదు, విసుగు పుట్టేదాకా చూడండి. ముందు నుంచి, వెనుక నుంచి, పై నుంచి. ఎడమ రెక్కతో పోల్చి చూడండి. అతుకు ముఖాలు ఆనకుండా తీగ అడ్డుపడుతుంటే తీగ పొడవును అర మిల్లీమీటరు తగ్గించండి. నా అనుభవంలో పిన్నింగ్ వికటించిన అతుకుల్లో సగం ఈ అర మిల్లీమీటరు దగ్గర వికటించినవే. రంధ్రం లోతు ఐదు, తీగ ఐదున్నర, ఇక ఎంత నొక్కినా ఏం ఫలితం?

చివరి అతుకుకు ఎపాక్సీ అనడానికి ఇంకో కారణం మీ రంగులు. సూపర్ గ్లూ గట్టిపడేటప్పుడు దాని ఆవిరి పక్కనున్న రంగు మీద తెల్లటి మంచులా పేరుకుంటుంది, ముదురు రంగుల మీద మరీ వికారంగా కనబడుతుంది. ఎపాక్సీకి ఆ గుణం లేదు. రెండు గొట్టాల నుంచి సమానంగా తీసి, అగ్గిపుల్లతో నిమిషం పాటు కలిపి, వదులు రంధ్రంలో సగం దాకా నింపి, అతుకు ముఖానికి పలుచగా రాయండి. రంధ్రం పూర్తిగా నింపితే తీగ దిగేసరికి అదంతా పొంగి బయటికి వస్తుంది. పొంగినదాన్ని ఆల్కహాలుతో తుడవాలనిపిస్తుంది. అక్రిలిక్ రంగులు దానితో లేచివస్తాయి కాబట్టి ఆగండి. అది రబ్బరులా మెత్తగా ఉన్న దశలో కత్తి మొనతో అంచు వెంట కోస్తే ముక్కగా ఊడివస్తుంది.

రెక్కను చేత్తో పట్టుకుని కూర్చోకండి. చెయ్యి వణుకుతుంది, పైగా ఫోను మోగుతుంది. బొమ్మను ఎడమ పక్కకు తిప్పి, ఎడమ రెక్క బల్ల అంచుకు అవతల గాలిలో ఉండేలా మొండేన్ని గుడ్డ మడతల మధ్య పడుకోబెట్టండి. అప్పుడు కుడి రెక్క అతుకు పైకి చూస్తుంది, ఇంతకాలం రెక్కను ఊడగొట్టిన బరువే ఇప్పుడు దాన్ని మొండేనికి నొక్కుతుంది. కొనకు పక్క నుంచి ఒక పెట్టెనో మైనపు ముద్దనో ఆసరా పెట్టండి. ఐదు నిమిషాల ఎపాక్సీ అంటే ఐదు నిమిషాల్లో కదలడం మానేస్తుందని మాత్రమే అర్థం, పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. ఆ రోజంతా బొమ్మను ముట్టుకోకండి. మర్నాడు అతుకు చుట్టూ సన్నని సందు కనబడితే ఎపాక్సీ పుట్టీ నువ్వుగింజంత తీసి, తడి చేసిన మొనతో నొక్కి, దాని మీద రంగు దిద్దండి. ఎడమ రెక్క సంగతి అడుగుతారేమో. ఊడనిదాన్ని ఊడదీసి పిన్ను పెట్టమని నేను చెప్పను. అదే ఊడిన రోజున ఈ ఉత్తరం మళ్లీ తీయండి.

ప్రతి అతుకుకూ పిన్ను కావాలా అన్నారు. అక్కర్లేదు. నేను వేసుకునే ప్రశ్న ఒకటే: తెలియక ఎవరైనా ఈ ముక్కను పట్టుకుని బొమ్మను పైకి ఎత్తే అవకాశం ఉందా? రెక్క, చాచిన చెయ్యి, పొడవాటి తోక, ఎత్తిన కత్తి, వీటన్నిటికీ ఉంది. తల, వీపు మీది సంచి, ఛాతీకి ఆనుకున్న డాలు, వీటికి లేదు. పాలీస్టైరీన్ ప్లాస్టిక్ బొమ్మలకైతే ద్రావకంతో చేసిన ప్లాస్టిక్ సిమెంటు రెండు ముఖాలనూ కొద్దిగా కరిగించి ఒకే ముక్కగా కలిపేస్తుంది. అక్కడ పిన్ను పెట్టడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి తేవడమే. ఆ సిమెంటు లోహం మీద, రెజిన్ మీద పనిచేయదు. సన్నని ఈటెలు పట్టిన చేతుల విషయంలో నేను పిన్ను కూడా పెట్టను. ఈటె కర్రను కోసేసి, పిడికిలికి ఆ చివర నుంచి ఈ చివరకు రంధ్రం చేసి, ఇత్తడి కడ్డీనే ఈటెగా దూర్చేస్తాను. మొదట 0.5 మి.మీ., తర్వాత అసలు సైజు. ఒకేసారి పెద్ద బిట్టు పెడితే వేళ్లు తెగి వస్తాయి. బొమ్మ వేళ్లే కాదు, రంధ్రం అవతల మీ వేలు ఆనించి ఉంచితే మీవి కూడా.

గుర్రం విషయంలో మీరు అదృష్టవంతులు, ఇంకా రంగు వేయలేదు. ముందు అన్ని ముక్కలనూ గోరువెచ్చని సబ్బు నీళ్లలో పాత టూత్‌బ్రష్షుతో కడగండి. అచ్చు నుంచి సులువుగా ఊడడానికి పూసిన జిడ్డు రెజిన్ మీద మిగిలి ఉంటుంది, అది ఉంటే జిగురూ నిలవదు, రంగూ నిలవదు. కాళ్లు వంగి ఉంటే వేడి నీళ్లలో కొద్ది సేపు ముంచి, మెత్తబడ్డాక తిన్నగా చేసి, చల్లటి నీళ్లలో పెట్టండి, ఆ ఆకారంలోనే బిగుసుకుంటాయి. రెజిన్‌ను రాయాల్సి వస్తే తడి చేసి రాయండి, ముక్కుకు మాస్కు పెట్టుకోండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పిన్ను డెక్క అడుగు నుంచి పైకి, కాలి ఎముక వెంట వెళ్లాలి. కాలు 2 మి.మీ. మందం ఉంటే 0.6 మి.మీ. బిట్టు సరిపోతుంది. రెజిన్ మెత్తన కాబట్టి బిట్టు సులువుగా దిగుతుంది, ప్రమాదమూ అదే. గుండుసూది మొనతో మధ్యలో చిన్న గుంట చేసుకోండి, లేకపోతే బిట్టు తనకు నచ్చిన చోటికి జారుతుంది. నాలుగైదు చుట్లు తిప్పి ఆగండి. బిట్టును అలాగే ఉంచి పక్క నుంచి చూడండి, ముందు నుంచి చూడండి, అది కాలి లోపల ఎటు పోతోందో బయటికి ఉన్న భాగమే చెబుతుంది. వంకర మొదలైతే రెండు మిల్లీమీటర్ల లోతులో సరిదిద్దవచ్చు, నాలుగు దాటితే తొడలోంచి బయటికి వస్తుంది. ఎంత లోతు చాలనుకుంటున్నారో అక్కడ బిట్టుకు టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టుకోండి. మొదటి నాలుగు రంధ్రాలూ గుర్రంలో కాక, పోత పోసినప్పుడు మిగిలిన అడ్డదిడ్డపు రెజిన్ కడ్డీలో చేసి చేతికి అలవాటు చేసుకోండి. దాన్ని అందరూ పారేస్తారు, నేను ఒక డబ్బా నిండా దాచుకున్నాను.

తీగను కాలిలోపల అతికించి, డెక్క కింద పది మిల్లీమీటర్లు బయటికి వదలండి. రంగు వేసేటప్పుడు ఆ తీగలను ఒక బిరడా ముక్కలో గుచ్చితే బొమ్మను వేళ్లతో ముట్టుకోకుండా పట్టుకోవచ్చు. పునాది పలక మీద అమర్చేటప్పుడు రెండు తీగల కొనలకూ తడి రంగు చుక్క అంటించి, గుర్రాన్ని ఎక్కడ నిలబెట్టాలో అక్కడ ఒక్కసారి మోపి ఎత్తండి. రెండు చుక్కలు పడతాయి, అక్కడే రంధ్రాలు. ఇదే పద్ధతి మామూలు అతుకులకూ పనికొస్తుంది. ఒక వైపు రంధ్రం చేసి, దానికంటే కొంచెం సన్నని తీగ ముక్క కొన పదునుగా అర మిల్లీమీటరు బయటికి ఉండేలా అందులో నిలిపి, రెండో ముక్కను నొక్కితే సూది పొడిచినట్టు గుర్తు పడుతుంది. సన్నని ముక్క ఎందుకంటే, గుర్తు పడ్డాక అది బయటికి రావాలి. నేను ఒకసారి అసలు తీగనే అలా పొట్టిగా కోసి బిగించి, దాన్ని బయటికి తీయలేక ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. గుర్తు ఎంత కచ్చితంగా పడ్డా పలకలోని రంధ్రాలను తీగకంటే ఒక సైజు పెద్దవే చేయండి. రెండు కాళ్ల తీగలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు, బిగుతు రంధ్రాల్లోకి నెడితే కాళ్లే విరుగుతాయి.

కాలు ఒకటిన్నర మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటే డ్రిల్లు పెట్టకండి. సన్నని రెజిన్ కాళ్లు వేడికీ బరువుకూ నెలల తరబడి నెమ్మదిగా వంగుతాయి, అందులో తూటు పొడిస్తే మిగిలేది పెంకు మాత్రమే. అప్పుడు గాలిలో లేచిన కాలి డెక్క కింద పునాది మీద ఒక రాయి నిలబెట్టి, అందులోంచి ఆ డెక్కలోకి పిన్ను పెట్టండి. గుర్రం రాయిని దాటుతున్నట్టు ఉంటుంది, బరువు మూడు కాళ్ల మీద పడుతుంది, చూసేవారికి అది ఆసరా అని తట్టదు. రౌతును మాత్రం ఇప్పుడే అతికించకండి. జీనులోంచి అతని లోపలికి ఒక పిన్ను జిగురు లేకుండా పెట్టుకుంటే, గుర్రానికి వేరుగా, అతనికి వేరుగా రంగు వేసుకుని చివర్లో ఎక్కించవచ్చు. అతను కూర్చునే చోట, జీను మీదా అతని కిందా, ప్రైమర్ పడకుండా టేపు ముక్క అంటించడం మరిచిపోకండి.